"మీరేవిట్లండీ?" అని అడిగి, ఇల్లు లేదన్నారు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగం పైన అద్దె ఇళ్ల గొడవలే. జూన్ వచ్చిందంటే మన విశాఖలో అంతే. బదిలీ మీద వచ్చినవాళ్లు, పిల్లల్ని కొత్త బళ్లో చేర్చినవాళ్లు, రుషికొండ వైపు కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు అందరూ ఒక్కసారే టూలెట్ బోర్డుల వెంట పడతారు. అద్దె పెంచారనో, అడ్వాన్సు తిరిగివ్వలేదనో రాసినవాళ్లకి వచ్చే నెల జవాబు చెబుతాను. ఈసారి మాత్రం "డబ్బుంది, ఇల్లు ఖాళీగానే ఉంది, అయినా మాకివ్వలేదు" అని రాసినవాళ్ల ఉత్తరాలే తీసుకున్నాను. పేర్లు వేయడం లేదు, ప్రాంతం మాత్రం వేస్తున్నాను.

నాకూ ఒకసారి ఇల్లు ఇవ్వనన్నారు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో పెదవాల్తేరులో మేడ మీద గది చూసుకున్నాను. ఇంటావిడ కాఫీ ఇచ్చి, ఏం చేస్తుంటావమ్మా అని అడిగి, లాయర్నని చెప్పగానే "అయ్యో, లాయర్లకీ పోలీసులకీ పేపరువాళ్లకీ ఇవ్వద్దన్నారమ్మా మావారు" అంది. కాఫీ తాగేసి వచ్చేశాను. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఎందుకంటే అక్కడ అడ్డొచ్చింది నా వృత్తి, మానేస్తే మానేయొచ్చు. కింద రాసినవాళ్లకి అడ్డొచ్చినవి మానేసేవి కావు.

కూర్మన్నపాలెం నుంచి ఒక పాఠకురాలు: మావారు ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్, నేను నర్సుని. ఒక డబుల్ బెడ్‌రూం పోర్షన్ నచ్చింది. అద్దె ₹12,000 అన్నారు, ఒప్పుకుని ₹5,000 టోకెన్ ఫోన్‌లోనే పంపాం. పాలు పొంగించుకోడానికి మంచిరోజు కూడా ఇంటాయనే చెప్పారు. బయల్దేరుతుంటే వాళ్లావిడ గేటు దగ్గర ఆపి "ఇంతకీ మీరేవిట్లమ్మా?" అని అడిగింది. దాచడమెందుకని ఎస్సీలమని చెప్పాను. రాత్రి తొమ్మిదింటికి టోకెన్ వెనక్కి వచ్చింది, "మా అన్నయ్యవాళ్లు వస్తున్నారండీ, ఏమీ అనుకోకండి" అని మెసేజ్. మూడో రోజు డ్యూటీకి వెళ్తూ చూస్తే బోర్డు మళ్లీ గేటుకి వేలాడుతోంది. దీనికి చట్టం ఉందా మేడమ్, లేక సర్దుకుపోవడమేనా?

జవాబు: చట్టం ఉందమ్మా. అద్దె ఇంటి విషయంలో వివక్షని నేరుగా పట్టుకునే చట్టాలు మన దేశంలో తక్కువ, కానీ మీ విషయంలో ఉంది, అదీ 1955 నుంచీ ఉంది. దాని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టం. అందులో 4వ సెక్షన్ దుకాణం, హోటలు, బావి, శ్మశానం అంటూ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతుంది, ఆ వరసలోనే ఇల్లు కూడా వస్తుంది: ఏ ప్రాంతంలోనైనా సరే, ఉండడానికి ఇల్లు కట్టుకోబోయినా, సంపాదించుకోబోయినా, అందులో కాపురం పెట్టబోయినా అంటరానితనం కారణంగా అడ్డుపడితే నేరం. 7వ సెక్షన్‌లో వెలివేయడం అంటే ఏమిటో వివరిస్తూ "ఇల్లు అద్దెకివ్వ నిరాకరించడం" అన్నదాన్ని మొట్టమొదటే పెట్టారు. 4వ సెక్షన్ కింద శిక్ష నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, ఆపైన ₹100 నుంచి ₹500 దాకా జరిమానా. ఆ ₹500 ఇవాళ బీచ్ రోడ్డులో ఇద్దరు కూర్చుని టిఫిన్ చేస్తే అయిపోతుంది, అది వేరే సంగతి. జైలు మాట మాత్రం అలాగే ఉంది.

మీకు ఎక్కువగా అక్కరకొచ్చేది 12వ సెక్షన్. అవతల నష్టపోయినవాళ్లు ఎస్సీలైతే, ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా అనుకోవాలి, కాదని నిరూపించుకోవాల్సిన బరువు చేసినవాళ్ల మీదే పడుతుంది. అంటే "వాళ్ల మనసులో కులమే ఉందని నేనెలా చూపించను" అని మీరు బెంగపడక్కర్లేదు. అన్నయ్యగారు నిజంగా వస్తున్నారో లేదో వాళ్లు చెప్పుకోవాలి, అలాంటప్పుడు బోర్డు మళ్లీ ఎందుకు కట్టారో కూడా చెప్పుకోవాలి.

అందుకని ముందు ఆ బోర్డు ఫొటో తీయండి, గేటూ ఇంటి నంబరూ కనిపించేలా. టోకెన్ పంపినట్టు, తిరిగి వచ్చినట్టు ఫోన్‌లో ఉన్న వివరాలు, ఆ అన్నయ్య మెసేజు ఏవీ చెరపొద్దు. స్క్రీన్‌షాట్లు తీసి ఇంకొకరికి పంపి ఉంచండి, కానీ అసలు ఫోన్ మార్చేయకండి, రేపు కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలంటే ఆ ఫోనే ఆధారం. తర్వాత మీ హాస్పిటల్లో మీతో పనిచేసే ఎవరైనా, ఎస్సీలు కానివాళ్లు, అదే నంబరుకి ఫోన్ చేసి ఇల్లు ఖాళీ ఉందా అని అడగాలి. అంతే, ఇంకేం మాట్లాడక్కర్లేదు. ఉందండీ, వచ్చి చూసుకోండి అని జవాబు వస్తే ఆ అన్నయ్యవాళ్ల ప్రయాణం అక్కడితో ఆగిపోయినట్టే. ఆ ఫోన్ చేసిన మనిషి సాక్షి అవుతారు కాబట్టి, రేపు స్టేషన్‌కి వచ్చి నిలబడగలిగినవాళ్లనే అడగండి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 సంగతి చాలామంది అడుగుతారు. నలుగురి ఎదుట కులం పేరుతో తిట్టినా, అవమానించాలనే ఉద్దేశంతో మాట్లాడినా ఆ చట్టం వర్తిస్తుంది. అయితే ఆ మాట నలుగురికీ కనపడే, వినపడే చోట జరగాలి. నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేకుండా అన్నది దీని కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మిమ్మల్ని గేటు దగ్గర అడిగారు కానీ తిట్టలేదు కాబట్టి, మీకు గట్టి ఆధారం 1955 చట్టమే. ఆర్థిక బహిష్కారం అన్న మాటకి 1989 చట్టానికి చేసిన 2015 సవరణలో విశాలమైన అర్థం ఇచ్చారు, దాన్ని కూడా ఫిర్యాదులో రాయమని మీ లాయరుకి చెప్పండి. ఈ చట్టం కింద ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందస్తు విచారణ అవసరం లేదు, "ముందు ఎంక్వైరీ చేస్తాం, తర్వాత చూద్దాం" అంటే 18ఎ సెక్షన్ చూపించండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, మన నగరంలో కమిషనరేట్ కాబట్టి ఏసీపీ.

మన జిల్లాల్లో చాలామందికి తగిలే చిక్కు ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకి, సిక్కులకి, బౌద్ధులకి మాత్రమే. క్రైస్తవంలోకి మారినవాళ్లు 1989 చట్టాన్ని వాడుకోలేరని మన హైకోర్టు 2025లో చెప్పింది. ఎస్టీలకి ఆ షరతు లేదు. ఇది న్యాయమా అని నన్నడిగితే, గేటు దగ్గర ఆ ఇంటావిడ అడిగింది మతం కాదు కదా అంటాను. కానీ కాగితం మీద ఉన్నది ఇదీ.

ఇంతా చెప్పి, కేసు పెట్టెయ్యండి అని నేను తోయను. మీకు ఈ నెలాఖరుకి ఇల్లు కావాలి, కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది, నైట్ డ్యూటీలు చేసే మనిషి వాయిదాలకి తిరగడం మామూలు విషయం కాదు. మధ్యలో ఇంకో దారి ఉంది, లాయరు నోటీసు. జిల్లా కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఎస్సీలకీ ఆడవాళ్లకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఎస్సీ, ఎస్టీల మీద దౌర్జన్యాల ఫిర్యాదుకి 14566 ఉంది. నోటీసు అందుకున్న ఇంటాయన మర్నాడే బతిమాలుకుంటూ వచ్చిన సందర్భాలు నా దగ్గర ఉన్నాయి. అప్పుడా ఇంట్లో చేరాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా క్లయింటు ఒకావిడ చేరింది, ఆరేళ్లుంది. ఇంకొకావిడ తాళం చేతికిస్తే టేబుల్ మీద పెట్టేసి వచ్చేసింది.

మురళీనగర్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి: కర్నూలు నుంచి బదిలీ మీద వచ్చాను. పదకొండు ఇళ్లు చూశాను. ఫోన్‌లో అంతా బాగానే మాట్లాడతారు, నా ముస్లిం పేరు చెప్పగానే "సాయంత్రం చెబుతాం సార్" అంటారు, ఆ సాయంత్రం రాదు. బ్రోకరైతే మొహం మీదే "మీవాళ్లుండే వైపు చూద్దాం సార్, ఇక్కడ కష్టం" అన్నాడు. రాజ్యాంగంలో మత వివక్ష నిషేధం కదా?

జవాబు: నిషేధమే, కానీ ఆ నిషేధం మీరనుకున్నంత దూరం రాదు సార్. 15వ అధికరణంలో మొదటి భాగం ప్రభుత్వాన్ని కట్టేస్తుంది. రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, రోడ్ల దాకా వస్తుంది. ఒక మనిషి తన సొంత ఇంటి పైపోర్షన్ ఎవరికివ్వాలన్న దాని జోలికి అది పోదు. ప్రభుత్వ క్వార్టర్స్‌లో మతం చూసి కాదంటే హైకోర్టుకి వెళ్లొచ్చు, మురళీనగర్‌లో ఇంటాయన మీద వెళ్లలేరు. పైగా ఒక మతంవాళ్లకే సభ్యత్వం అని హౌసింగ్ సొసైటీ నియమం పెట్టుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు ఒక పార్సీ సొసైటీ కేసులో చెప్పింది. 2006లో ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ, వాళ్లకి ఇళ్లు అద్దెకు దొరకడం కష్టమవుతోందన్న మాట రాసి, సమాన అవకాశాల కమిషన్ ఒకటి పెట్టమంది. 2017లో లోక్‌సభలో ఎంపీ శశి థరూర్ ఇళ్ల అద్దెలకి కూడా వర్తించే వివక్ష వ్యతిరేక బిల్లు సొంతంగా పెట్టారు, అది చట్టం కాలేదు. కేంద్రం 2021లో రాష్ట్రాలకి పంపిన నమూనా అద్దె చట్టంలో అడ్వాన్సు రెండు నెలలకి మించకూడదని ఉంది, కరెంటూ నీళ్లూ ఆపకూడదని ఉంది, మతం చూసి కాదనకూడదని మాత్రం లేదు. రాయాల్సిన మాట అదొక్కటే మిగిలిపోయింది.

కాబట్టి మీకు నేను ఇవ్వగలిగింది న్యాయ సలహా కాదు, కిటుకు. మీ బ్యాంకులో ఆఫీసర్లకి లీజు వసతి ఉంటే, అంటే బ్యాంకే తన పేరు మీద ఇల్లు తీసుకుని మీకిచ్చే పద్ధతి, దాన్ని వాడండి. నెలనెలా అద్దె బ్యాంకు నుంచి ఖాతాలో పడుతుందంటే ఇంటి ఓనర్ల ధోరణి మారడం నేను చూశాను. ఇది మీకు అవమానంగానే తోస్తుంది, నాకూ తెలుసు. మీ పేరు మీద నమ్మకం లేనివాడు మీ మేనేజరు సంతకాన్ని నమ్ముతాడు. కానీ పిల్లల బడి తెరిచేశారు కదా.

ఎండాడ నుంచి ముగ్గురు అమ్మాయిలు: ముగ్గురం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. ఓనరు హైదరాబాద్‌లో ఉంటారు, పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకున్నాం, నాలుగు నెలలైంది. ఇప్పుడు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో "బ్యాచిలర్స్ వారంలో ఖాళీ చేయాలి" అని పెట్టారు. నైట్ షిఫ్ట్ అయ్యాక క్యాబ్ దిగుతుంటే తీసిన సీసీ కెమెరా ఫొటోలు ఆ గ్రూపులో పెట్టి "ఇదీ మన అపార్ట్‌మెంట్ పరిస్థితి" అని కామెంట్లు. ఒకరోజు మా ఫ్లాట్‌కి నీళ్లు ఆపేశారు. ఓనరేమో "నాకు టెన్షన్ పెట్టకండమ్మా, అసోసియేషన్‌తో మీరే మాట్లాడుకోండి" అంటున్నారు.

జవాబు: మీ అగ్రిమెంటులో సంతకాలు ఎవరివి? ఓనరుదీ మీదీ. అసోసియేషన్ అందులో ఎక్కడా లేదు, మిమ్మల్ని ఖాళీ చేయమనడానికి ఆ ఫ్లాటు వాళ్లది కాదు. లిఫ్టు, మెట్లు, పార్కింగు, చెత్త, వీటి గురించి అందరికీ ఒకేలా నియమాలు పెట్టుకోవచ్చు, రాత్రి పదకొండు తర్వాత పాటలు పెట్టొద్దనొచ్చు, మెయింటెనెన్స్ కట్టకపోతే అడగొచ్చు. పెళ్లి కాలేదు కాబట్టి పొండి అనడం ఆ కోవలోకి రాదు. సెక్రటరీగారికి ఇంత గట్టిగా ఉంటే, తీర్మానం చేసి, లెటర్‌హెడ్ మీద, సంతకం పెట్టి, ఏ నియమం కింద ఖాళీ చేయమంటున్నారో రాసిమ్మని అడగండి. మెసేజులు పెట్టినంత సులువుగా సంతకాలు పెట్టరు.

తర్వాత ఓనరు. అగ్రిమెంటులో మధ్యలో ఖాళీ చేయించే షరతు ఏముందో మళ్లీ చదవండి, నెల నోటీసు, రెండు నెలల నోటీసు అని ఏదో ఒకటి ఉంటుంది. ఏమీ రాసుకోకుండా నెలవారీ అద్దెకున్నవాళ్లకి కూడా 1882 ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ పదిహేను రోజుల నోటీసు ఇవ్వమంటోంది. నోటీసు గడువు అయిపోయినా మీరు కదలకపోతే ఓనరు చట్టప్రకారం వెళ్లి ఖాళీ చేయించుకోవాలి కానీ, తాళం పగలగొట్టి సామాను కారిడార్లో పెట్టకూడదు. అలా చేస్తే నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేయండి. ఆ దావాలో ఇల్లెవరిదన్న ప్రశ్నే రాదు, అందులో ఉన్నదెవరు, చట్టం దాటి బయటికి పంపారా, అంతవరకే చూస్తారు.

నీళ్లు ఆపారన్నారు, రేపు కరెంటు కూడా ఆపొచ్చు. కరెంటు కనీస వసతి అనీ, ఇంటాయన ఒప్పుకోలు పత్రం ఇవ్వలేదన్న సాకుతో అద్దెకున్నవాళ్లకి దాన్ని నిరాకరించకూడదనీ 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. మీటరు దగ్గర ఫ్యూజు తీసేస్తే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, ఆ నంబరుకి తేదీ ఉంటుంది, కోర్టులో అది పనికొస్తుంది. నీళ్లు ఏ రోజు, ఎన్ని గంటలకి ఆగాయి, పక్క ఫ్లాట్లో వస్తున్నాయా, ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి.

ఫొటోల సంగతి నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది. దొంగల కోసం పెట్టిన కెమెరాలో ఆడపిల్లలు ఎన్నింటికి ఇంటికొచ్చారో చూసి, ఆ బొమ్మ గ్రూపులో పెట్టి వ్యాఖ్యానాలు చేయడం కాపలా పని కాదు. భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ ఆడవాళ్ల మర్యాదకి భంగం కలిగించే మాటకీ, వాళ్ల ఏకాంతంలోకి చొరబడడానికీ శిక్ష వేస్తుంది. ఆ మెసేజులన్నీ పంపినవాళ్ల నంబర్లు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి, గ్రూపులోంచి కోపంతో బయటికి వచ్చేయకండి, వస్తే తర్వాతివి దొరకవు. ముందు సెక్రటరీకి రాతపూర్వకంగా, అవి తీసేయమని, ఇకముందు పెడితే పోలీసు ఫిర్యాదు ఇస్తామని మెయిల్ చేయండి, ఓనరుకి కూడా కాపీ వెళ్లాలి. ఒక్క విషయం, మీ వైపు లోపం ఏదైనా ఉంటే, అంటే ముగ్గురికి ఒప్పుకుని అయిదుగురు ఉంటున్నారా, మెయింటెనెన్స్ బాకీ ఉందా, అది ఈరోజే సరిచేసుకోండి. గొడవ మొదలయ్యాక మొట్టమొదట వెతికేది దాన్నే.

గాజువాక నుంచి, ప్రాంతం తప్ప ఏమీ వేయొద్దన్న పాఠకురాలు: ఆరేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నాను, ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదు. నాకు హెచ్ఐవీ ఉంది, మందులు కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రి నుంచి తెచ్చుకుంటాను. గోడకి సున్నం వేయించడానికి వచ్చినప్పుడు ఇంటావిడ అల్మారాలో మందుల డబ్బా చూసింది. పది రోజుల్లో ఖాళీ చేయమంది, పక్కింటివాళ్లకీ చెప్పేసింది. నా కూతురు పదో తరగతి.

జవాబు: అమ్మా, మీకున్నంత స్పష్టమైన చట్టం ఈ నెల రాసినవాళ్లలో చాలామందికి లేదు. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. 3వ సెక్షన్‌లో ఇంటి సంగతి పేరు పెట్టి రాశారు: ఉండే హక్కు, కొనే హక్కు, అద్దెకు తీసుకునే హక్కు, వీటిని ఈ కారణంగా కాదనకూడదు, మధ్యలో తెంచకూడదు. ఇది ప్రభుత్వానికే కాదు, మీ ఇంటావిడకీ వర్తిస్తుంది. మీతో కలిసి ఉంటోంది కాబట్టి మీ అమ్మాయికీ ఇదే రక్షణ. ఈ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం అంబుడ్స్‌మన్‌ని, అంటే ఫిర్యాదులు విచారించే అధికారిని, నియమించాలి, ఫిర్యాదు పోస్టులో పంపినా సరే, ముప్ఫై రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి, దాన్ని పాటించకపోతే ₹10,000 దాకా జరిమానా, అప్పటికీ వినకపోతే రోజుకి ₹5,000 దాకా. కోర్టు దాకా వెళ్లినా మీ పేరు బయటికి రాకుండా దాచమని 34వ సెక్షన్ కింద అడగొచ్చు, కాబట్టి ఊరంతా తెలిసిపోతుందన్న భయంతో ఆగిపోకండి. 1097 ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు. మందులు తీసుకునే కేంద్రంలోని కౌన్సెలర్‌కి కూడా ఈ సంగతి చెప్పండి.

నోటీసు కంటే ముందు ఒక ప్రయత్నం చేయమంటాను. ఒకే గోడ, ఒకే గాలి, ఒకే బాత్రూం వల్ల ఇది అంటదని ఆవిడకి మీరు చెబితే వినకపోవచ్చు, కౌన్సెలరో డాక్టరో చెబితే వినొచ్చు. భయంతో చేసేవాళ్లు కొందరుంటారు, వాళ్లు దిగొస్తారు. మీరు ఒప్పుకుంటేనే, మీ ఎదుటే ఆ మాటలు జరగాలి. పది రోజుల గడువుకి మాత్రం మీరు బెదరక్కర్లేదు, మీ అమ్మాయి పరీక్షలయ్యే దాకా కాదు, ఆ తర్వాత కూడా ఉండొచ్చు.

ఇలాంటి ఉత్తరమే ఒక ట్రాన్స్‌జెండర్ పాఠకురాలు కంచరపాలెం నుంచి రాశారు. మీకు కూడా ఇదే జవాబు, 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం 3వ సెక్షన్‌లో ఇల్లు అద్దెకు తీసుకునే హక్కు గురించి దాదాపు ఇదే వాక్యం ఉంది. వివరంగా విడిగా పోస్టులో రాస్తున్నాను.

ఎంవీపీ కాలనీ నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి: మావాడు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటాడు. కొత్త అపార్ట్‌మెంట్ చూసుకుంటే ఆఫీసులో "చిన్నపిల్లలున్నవాళ్లకి వెనక బ్లాకులో కింది ఫ్లోరే ఇస్తాం, ముందు బ్లాకు ఇవ్వం" అన్నారట, మనవడికి రెండేళ్లు. వీసా మీద ఉన్నాడు కాబట్టి నోరెత్తడానికి భయపడుతున్నాడు. ఇది అన్యాయం కదండీ? ఇంకో సందేహం, మా మేడ మీద రెండు పోర్షన్లు ఖాళీ. "శాకాహార కుటుంబాలకి మాత్రమే, ఫలానా కులాలవారికి ప్రాధాన్యం" అని బోర్డు రాయించాను. చట్టరీత్యా ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: ఒకే కాగితం మీద రెండూ రాశారు చూశారా, అందుకే మీ ఉత్తరం చివరికి పెట్టాను.

అబ్బాయి సంగతి ముందు. అన్యాయమే, అక్కడ అది చట్టవిరుద్ధం కూడా. నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ని 1968 ఏప్రిల్ 4న చంపేశారు, వారం తిరిగాక, 11వ తేదీన, ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టారు. జాతి, రంగు, మతం, ఏ దేశపు మూలాలవారన్నది చూసి ఇల్లు కాదనకూడదని మొదట, 1974లో ఆడామగా తేడా కూడా చూడకూడదని, 1988లో వైకల్యం, పిల్లలున్న కుటుంబం అన్నవి చేర్చారు. ఇల్లు ఇవ్వననడం ఒక్కటే కాదు, పిల్లలున్నారని వెనక బ్లాకులోకి నెట్టడం కూడా దీని కిందికే వస్తుంది. వీసా మీదున్నా రక్షణ ఉంది. అద్దెకు వచ్చే అందరినీ అడిగినట్టే కాగితాలు అడగొచ్చు, ఇతన్ని మాత్రమే విడిగా అడగకూడదు, ఫిర్యాదు చేశాడని కక్ష కట్టడం మళ్లీ వేరే తప్పు. హెచ్‌యూడీ అనే కేంద్ర గృహ శాఖకి ఏడాదిలోపు ఫిర్యాదు ఇవ్వాలి, రుసుము లేదు, కోర్టుకైతే రెండేళ్ల గడువు. ఏ రోజు, ఏ మనిషి, సరిగ్గా ఏ మాట అన్నారో ఇవాళే రాసిపెట్టుకోమనండి. వీలైతే "ముందు బ్లాకులో ఖాళీ ఉందా, మాకెందుకు ఇవ్వరు" అని మెయిల్ పెట్టమనండి, నోటితో అన్న మాట రాతలోకి వస్తుంది. అక్కడి సంస్థలు ఇంకో పని కూడా చేస్తాయి, పిల్లలున్నట్టు ఒకర్నీ లేనట్టు ఒకర్నీ అదే ఆఫీసుకి పంపి ఇద్దరికీ ఏం చెప్పారో పోల్చి చూస్తాయి. కూర్మన్నపాలెం చెల్లెలికి నేను చెప్పిన ఫోన్ కిటుకు అదే.

ఇక బోర్డు. మీవాడిని ఆదుకునే ఆ చట్టంలో ఒక మినహాయింపు ఉంది, యజమాని అదే భవనంలో ఉంటూ నాలుగు వాటాలకి మించకపోతే ఎవరికివ్వాలో తానే ఎంచుకోవచ్చు. అంటే మీలాంటి ఇల్లుకి అక్కడ కూడా కొంత వెసులుబాటుంది. కానీ ఆ చిన్న యజమాని కూడా ఫలానా జాతివాళ్లకే అని ప్రకటన వేయకూడదు, మినహాయింపు బోర్డుకి వర్తించదు. మన దగ్గర శాకాహారం షరతుని ఆపే చట్టం లేదు, రాసుకోండి. అయితే నలుగురూ చూసే గేటు మీద కులాలు రాశాక, ఒక ఎస్సీ కుటుంబం వచ్చి ఇల్లు అడిగి మీరు కాదంటే, పైన చెప్పిన 1955 చట్టానికి మీ బోర్డే మొదటి సాక్ష్యం. రాయించింది మీరే, ఫొటో తీసేది వాళ్లు.

మీకు నిజంగా ఏది ఇబ్బందో చెప్పండి. వాసనా? ఎండు నెత్తళ్లు వేగుతుంటే మా వీధి చివరి దాకా తెలుస్తుంది, నేను కాదనను, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. చెత్త కిందికి విసురుతారనా, అర్ధరాత్రి చప్పుడనా, అద్దె సరిగా ఇవ్వరనా? అవన్నీ అగ్రిమెంటులో రాసుకునే సంగతులు, ఏ కులంవాళ్లకైనా ఒకటే. అద్దెకిచ్చాక మాత్రం ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వాళ్లని ప్రశాంతంగా ఉండనివ్వాలి, పొయ్యి మీద ఏముందో చూడడానికి మీరు మేడెక్కకూడదు.

ఆ బోర్డు దింపి కొత్తది రాయించండి. ఎన్ని గదులు, అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, బండి పెట్టుకోడానికి చోటుందా లేదా. ఇంకా జాగా మిగిలితే మున్సిపల్ నీళ్లు ఎన్నింటికి వస్తాయో రాయండి, అద్దెకు వచ్చేవాళ్లు ముందు అడిగేది అదే.